డిగ్రీలో మైక్రోబయాలజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో మైక్రోబయాలజీ (సూక్ష్మజీవుల శాస్త్రం) తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు, తీసుకున్నాక మొదటి సెమిస్టర్‌లో కంగారు పడేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కోర్సు ఎన్నేళ్లు, పేపర్లు ఎన్ని అన్నవి ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. ఎక్కడ చదివినా మారని విషయాలే రాశాను.

మైక్రోబయాలజీ అంటే రోగాల గురించి చదవడమేనా?

కాదు. చాలామంది ఇదే అనుకుని చేరతారు. నిజానికి సూక్ష్మజీవుల్లో మనుషులకు జబ్బు తెచ్చేవి చాలా తక్కువ. మిగతావి నేలలో, నీళ్లలో, జంతువుల పేగుల్లో తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. ఆ పని చిన్నదేమీ కాదు. గాలిలో నైట్రోజన్ ఎంత ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. దాన్ని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ ఎంజైమ్ కొన్ని బ్యాక్టీరియాల, ఆర్కియాల (బ్యాక్టీరియాలా కనిపించే వేరే వర్గం ఏకకణ జీవులు) సొత్తు. సముద్రంలో ప్రోక్లోరోకాకస్ అనే అతి చిన్న బ్యాక్టీరియా ఉంది. కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల్లో సంఖ్యలో దానిదే పైచేయి. అలాంటిది ఒకటి ఉందని 1980ల దాకా ఎవరికీ తెలియదు.

కోర్సులో బ్యాక్టీరియా, ఆర్కియా, శిలీంధ్రాలు, ప్రోటోజోవా, శైవలాలు, వైరస్‌లు అన్నీ వస్తాయి. వాటి నిర్మాణం ఏమిటి, శక్తి ఎలా సంపాదించుకుంటాయి, జన్యువులు ఎలా ఇచ్చిపుచ్చుకుంటాయి, శరీరం వాటిని ఎలా ఎదుర్కొంటుంది, పరిశ్రమల్లో వాటితో ఏం తయారు చేస్తారు: స్థూలంగా ఇదీ సిలబస్. రోగాల సంగతి అందులో ఒక భాగం మాత్రమే.

బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీలతో పోలిస్తే తేడా ఏమిటి?

ఒక బూజు నుంచి వచ్చే పెన్సిలిన్ అనే యాంటీబయోటిక్ మందును తీసుకుంటే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ బూజు ఎక్కడ దొరుకుతుంది, ఏ పరిస్థితుల్లో పెరుగుతుంది, ఏ బ్యాక్టీరియా మీద దాని ప్రభావం ఉంటుంది, ఏవి తట్టుకుంటాయి అని చూసేది మైక్రోబయాలజిస్ట్. పెన్సిలిన్ అణువు బ్యాక్టీరియా కణకవచం కట్టే ఎంజైమ్‌కు ఎలా అతుక్కుని దాన్ని పనిచేయనివ్వకుండా ఆపుతుందో చూసేది బయోకెమిస్ట్. అదే బూజును వేల లీటర్ల ట్యాంకుల్లో పెంచి, మందును శుద్ధి చేసి, ఎక్కువ దిగుబడి ఎలా తేవాలో చూసేది బయోటెక్నాలజిస్ట్. నిజజీవితంలో ఈ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని పనిచేస్తారు, ఒకరి పని ఇంకొకరు చేస్తారు కూడా.

మొదట్లో సిలబస్‌లో చాలా భాగం ఒకటే. అందుకే కోర్సు పేరు చూసి మరీ టెన్షన్ పడకండి. వారానికి ల్యాబ్ గంటలు ఎన్ని, ఎవరు చెబుతున్నారు అన్నవి పేరు కంటే ముఖ్యం.

బయాలజీ ఇష్టమే కానీ కెమిస్ట్రీ అంటే భయం. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కానీ కెమిస్ట్రీని తప్పించుకోవచ్చని మాత్రం అనుకోకండి. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే భాగం మెటబాలిజం. అది పూర్తిగా కెమిస్ట్రీయే. మనం ఆక్సిజన్ లేకపోతే బతకలేం. కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్ లేని చోట నైట్రేట్‌ను వాడుకుని శ్వాసిస్తాయి, కొన్ని సల్ఫేట్‌ను, కొన్ని ఇనుమును. ఇదెలా సాధ్యమో అర్థం కావాలంటే ఆక్సీకరణం, క్షయకరణం, ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయి అన్నది తెలియాలి. తెలియకపోతే ఆ పాఠం మొత్తం పేర్ల జాబితాగా మిగిలిపోతుంది.

భయం చాలావరకు స్కూల్లో సమీకరణాలు బట్టీ పట్టించిన ఫలితం. పీహెచ్, బఫర్, మోలారిటీ, రెడాక్స్ ఈ నాలుగూ గట్టిగా నేర్చుకుని చేరితే మొదటి ఏడాది గట్టెక్కుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ తర్వాత వస్తుంది. అప్పటికి అది ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది.

లెక్కలు ఎంతవరకు కావాలి?

కాలిక్యులస్ లోతుల్లోకి వెళ్లాల్సిన పని చాలా చోట్ల ఉండదు. ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, నిష్పత్తులు, కొంత స్టాటిస్టిక్స్ మాత్రం రోజూ చేతిలో ఉండాలి.

మంచి పోషకాలు, సరైన వేడి దొరికితే ఈ.కోలై బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. ఇదే వేగంతో సాగితే ఒక్క కణం 10 గంటల్లో 107 కోట్లు దాటుతుంది. ఇన్ని కణాలను ఎవరూ కూర్చుని లెక్కపెట్టలేరు కదా. అందుకే పలచన చేసి లెక్కపెడతారు. నమూనాను పదింతలు పలచన చేస్తారు, దాన్ని మళ్లీ పదింతలు, అలా ఐదుసార్లు. అంటే మొత్తం లక్ష రెట్లు. అందులోంచి 0.1 మిల్లీలీటర్ తీసి ప్లేట్ (పోషకాలున్న జెల్లీ పోసిన పళ్లెం) మీద పరుస్తారు. మర్నాడు 84 కాలనీలు (ఒక్కో కణం పెరిగి ఏర్పడ్డ చుక్కలు) కనిపించాయనుకోండి. పలచన చేసిన ద్రవంలో మిల్లీలీటర్‌కు 840 ఉన్నట్టు. దాన్ని లక్షతో హెచ్చిస్తే అసలు నమూనాలో మిల్లీలీటర్‌కు 8.4 కోట్లు.

సాధారణంగా 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేట్‌నే లెక్కకు తీసుకుంటారు. 30 కంటే తక్కువైతే యాదృచ్ఛికంగా వచ్చే తేడా పెద్దదై లెక్క నమ్మదగినదిగా ఉండదు. 300 దాటితే కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లెక్కలో ఒక్క సున్నా తప్పిపోయినా సురక్షితమైన నీళ్లు కలుషితమైనవిగా, కలుషితమైనవి సురక్షితంగా కనిపిస్తాయి. అందుకే పలచన లెక్క కళ్లు మూసుకుని చేయగలిగేదాకా సాధన చేయమని నేను గట్టిగా చెబుతాను.

ల్యాబ్‌లో అసలు ఏం చేస్తారు?

మొదట నేర్పేది స్ట్రీకింగ్. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది, చేతికి రావడానికి వారాలు పడుతుంది. తీగ లూప్‌ను మంటలో ఎర్రగా కాల్చాలి. చల్లారనివ్వాలి, లేదంటే తీసుకున్న కణాలు చిటపటమని చచ్చిపోతాయి. మూత పూర్తిగా తీయకుండా ఓరగా ఎత్తి, కల్చర్‌ను, అంటే ల్యాబ్‌లో పెంచిన సూక్ష్మజీవులను, ప్లేట్‌లో ఒక మూల అటూ ఇటూ రాయాలి. మళ్లీ కాల్చాలి. మొదటి గీతల చివర తాకించి రెండో భాగంలోకి లాగాలి. మళ్లీ కాల్చి మూడో భాగం, ఆపై నాలుగోది. ప్రతిసారీ కణాల సంఖ్య తగ్గుతూ పోయి, చివరి గీతల్లో ఒక్కొక్క కణం విడివిడిగా పడుతుంది. గట్టిగా నొక్కితే అగార్ (ప్లేట్‌లోని జెల్లీ) చిరుగుతుంది. ప్లేట్‌ను తలకిందులుగా ఇంక్యుబేటర్‌లో పెడతారు, మూతకు పట్టిన తేమ కాలనీల మీద కారకుండా. మర్నాడు తీసి చూస్తే నాలుగో భాగంలో గుండ్రని చుక్కలు విడివిడిగా నిలబడి ఉంటాయి. ఒక్కో చుక్కలో ఉన్నవి ఒకే కణం సంతతి. శుద్ధమైన కల్చర్ అంటే అదే. దాని మీదే మిగతా సబ్జెక్టంతా నిలబడి ఉంది.

ఆ అగార్ వెనక ఒక మనిషి ఉన్నారు. జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ ల్యాబ్‌లో మొదట్లో జెలటిన్ వాడేవారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర పెడితే అది కరిగి నీరయ్యేది, కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని జీర్ణం చేసేసుకునేవి కూడా. అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, వంటకు వాడే అగార్‌ను వేసి చూడమని 1881 ప్రాంతంలో సూచించారు. అగార్ నీళ్లు మరిగే వేడి దగ్గర్లో గానీ కరగదు. ఒకసారి కరిగాక 40 డిగ్రీల దగ్గరికి చల్లారితే గానీ గడ్డకట్టదు. ఈ గుణమే అంతా మార్చేసింది. దాదాపు ఏ బ్యాక్టీరియా దాన్ని తినలేదు కూడా. 1887లో అదే ల్యాబ్‌లోని జూలియస్ పెట్రి మూతగల పళ్లేన్ని తెచ్చారు. పెట్రి పేరు ప్రతి విద్యార్థి నోట్లో ఉంటుంది. ఫానీ హెస్సే పేరు చాలామందికి తెలియకుండానే డిగ్రీ అయిపోతుంది. ఇది నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత గ్రామ్ స్టెయిన్, అంటే రంగు వేసి బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడదీయడం. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రపంచంలోని చాలా ల్యాబ్‌లలో మొదటి పరీక్ష. స్లైడ్ మీద పలచని స్మియర్ (బ్యాక్టీరియా పూత), దాని మీద క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, తర్వాత ఆల్కహాల్, చివర సాఫ్రనిన్. మందమైన కణకవచం ఉన్నవి (గ్రామ్ పాజిటివ్) ఊదా రంగును పట్టుకుని ఉంటాయి, పలచని కవచం ఉన్నవి (గ్రామ్ నెగటివ్) వదిలేసి గులాబీ రంగుకు తిరుగుతాయి. కీలకమంతా ఆల్కహాల్ దశలోనే ఉంది. కొన్ని సెకన్లు ఎక్కువ పోస్తే గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీగా కనిపిస్తుంది. స్మియర్ మందంగా ఉంటే దానికి తలకిందులు. ముసలి కల్చర్ వాడినా ఫలితం మోసం చేస్తుంది. అందుకే ఫలితం ముందే తెలిసిన రెండు బ్యాక్టీరియాలను పక్కనే పెట్టి రంగు వేయడం అలవాటు చేసుకోండి. అవి సరిగ్గా వస్తేనే మీ స్లైడ్‌ను నమ్మాలి.

పై తరగతుల్లో పీసీఆర్ (డీఎన్ఏ ప్రతులు పెంచడం), జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీయడం), ఎలైజా (యాంటీబాడీలతో చేసే పరీక్ష), యాంటీబయోటిక్ సెన్సిటివిటీ పరీక్ష (ఏ మందుకు లొంగుతుందో చూడటం) వంటివి వస్తాయి. ఇవి త్వరగా వస్తాయి. స్ట్రీకింగ్ చక్కగా వచ్చినవాళ్లకు ఇంకా త్వరగా వస్తాయి.

నాకు కొన్ని రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదు. ఇబ్బందా?

కొంత ఇబ్బందే, అడ్డంకి మాత్రం కాదు. ముందే టీచర్‌కు చెప్పండి. పక్కన కంట్రోల్ స్లైడ్ (ఫలితం ముందే తెలిసినది) ఉంటే ముదురు, లేత తేడాను బట్టి చాలామంది పోల్చుకోగలుగుతారు. సూక్ష్మదర్శిని ఫొటోలో రంగు విలువలను కంప్యూటర్ చెబుతుంది. ల్యాబ్‌లో ఎలాగూ ఇద్దరు చూసి ఒప్పుకోవడం మంచి పద్ధతి. రంగు మీదే పూర్తిగా ఆధారపడే కొన్ని ఉద్యోగాల్లో కంటి పరీక్ష పెడతారు. అలాంటి వాటి సంగతి ముందుగా కనుక్కోండి.

ల్యాబ్‌లో జబ్బులు అంటుకుంటాయని అమ్మ భయపడుతోంది. ఏం చెప్పాలి?

భయం సహజమే. సూక్ష్మజీవులతో చేసే పనిని ప్రమాదాన్ని బట్టి 4 బయోసేఫ్టీ స్థాయిలుగా విభజించారు. ఎబోలా లాంటివి నాలుగో స్థాయి. డిగ్రీ విద్యార్థి మొదట పనిచేసేది ఒకటో స్థాయిలో. అక్కడ వాడే బ్యాసిల్లస్ సబ్టిలిస్, ఈ.కోలై కే-12 వంటివి ఆరోగ్యవంతులకు హాని చేయనివి. పై తరగతుల్లో రెండో స్థాయివి కొన్ని వస్తాయి, అప్పటికి చేతికి క్రమశిక్షణ వచ్చి ఉంటుంది.

నియమాలు కొన్నే, కానీ మినహాయింపు లేనివి. ల్యాబ్‌లో తినకూడదు, తాగకూడదు. పెన్ను నోట్లో పెట్టుకోకూడదు. ఫోన్ బల్ల మీద పెట్టకూడదు. ప్లేట్ మూత తీసి వాసన చూడకూడదు. కోటు వేసుకుని క్యాంటీన్‌కు వెళ్లకూడదు. మొదలుపెట్టే ముందూ అయ్యాకా బల్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి, చేతులు సబ్బుతో కడగాలి. 70 శాతమే ఎందుకు, 100 శాతం వాడితే ఇంకా బాగుంటుంది కదా అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ప్రోటీన్లు విచ్ఛిన్నం కావాలంటే నీళ్లు కావాలి. పైగా శుద్ధ ఆల్కహాల్ పని పూర్తి కాకముందే ఆవిరైపోతుంది. అయితే ఆల్కహాల్‌కు ఎండోస్పోర్‌లు (కొన్ని బ్యాక్టీరియాలు కష్టకాలంలో ఏర్పరచుకునే గట్టి నిద్రాణ రూపాలు) చావవు. అందుకే వాడిన కల్చర్లన్నీ ఆటోక్లేవ్ అనే ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలోకి వెళ్తాయి: 121 డిగ్రీల ఆవిరి, కనీసం 15 నిమిషాలు. సరుకు ఎక్కువైతే ఇంకా ఎక్కువసేపు.

రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా, ఆ సంగతి దాచకుండా ల్యాబ్ ఇన్‌చార్జ్‌కు చెప్పాలి. పనిని దానికి తగ్గట్టు మార్చి ఇస్తారు.

నోరు తిరగని పేర్లు, లెక్కలేనన్ని రోగాలు. అంతా బట్టీయేనా?

కొంత బట్టీ తప్పదు. కాకపోతే అది మీరు అనుకున్నంత కాదు. కారణం తెలిస్తే పది విషయాలు ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చేస్తాయి.

పెన్సిలిన్ బ్యాక్టీరియా కణకవచం కట్టడాన్ని ఆపుతుంది. ఈ ఒక్క ముక్క నుంచి ఎంత దూరం వెళ్లొచ్చో చూడండి. మన కణాలకు కణకవచం లేదు, కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకూ కణకవచం లేదు, కాబట్టి దాని మీద పెన్సిలిన్ వృథా. వైరస్‌లకు అసలు కణమే లేదు, కాబట్టి జలుబుకు పెన్సిలిన్ అర్థం లేనిది. పెరగకుండా నిద్రలో ఉన్న బ్యాక్టీరియా కొత్త కవచం కట్టడం లేదు, కాబట్టి దాని మీదా మందు పెద్దగా పనిచేయదు. గ్రామ్ నెగటివ్ వాటికి కవచం బయట ఇంకో పొర ఉంది, కాబట్టి వాంకోమైసిన్ లాంటి మందుల పెద్ద అణువులు లోపలికి పోలేవు. ఇన్నీ వేర్వేరుగా బట్టీ పట్టేవాళ్లు పరీక్ష అయ్యాక మరిచిపోతారు.

పాఠం చదివిన ప్రతిసారీ ‘ఇది ఎలా తెలిసింది?’ అని అడగండి. కంటికి కనిపించని జీవి గురించి ఇంత నమ్మకంగా చెబుతున్నారంటే ఎవరో ఎక్కడో ఏదో ప్రయోగం చేసి ఉండాలి. కడుపులో పుండ్లకు ఒత్తిడి, యాసిడ్ కారణమని వైద్య లోకం చాలాకాలం నమ్మింది. రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఆ పుండ్లున్న చోట హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియాను చూశారు. చూడటం వేరు, అదే కారణమని రుజువు చేయడం వేరు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కల్చర్‌ను తానే తాగేశారు. కొద్ది రోజుల్లో కడుపులో వాపు వచ్చింది, అందులో అదే బ్యాక్టీరియా దొరికింది. వాళ్లిద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. మీరు మాత్రం ఆయన దారిలో వెళ్లకండి. ఆ ప్రయోగాన్ని కాఖ్ సూత్రాల (ఒక జీవే ఒక జబ్బుకు కారణమని రుజువు చేయడానికి కావాల్సిన షరతులు) పక్కన పెట్టి, ఏది రుజువైంది, ఏది ఇంకా మిగిలిపోయింది అని రాసుకుని చూడండి. పుండు వచ్చిందా, వాపు మాత్రమే వచ్చిందా? ఆ తేడా పట్టుకోగలిగితే సబ్జెక్టు మీ చేతికి వచ్చినట్టే.

ప్రాక్టికల్‌లో రావాల్సిన ఫలితం రాలేదు. రికార్డులో ఏం రాయాలి?

వచ్చిందే రాయాలి. పక్కవాళ్ల అంకెలు చూసి దిద్దుకోవడం ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మార్కుల భయంతో మొదలై వృత్తిలోకి పాకుతుంది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇలా దిద్దిన అంకె రోగి శరీరంలోకి వెళ్తుంది.

తేదీ, కల్చర్ పేరు, అది ఎన్ని గంటలది, మీడియా (సూక్ష్మజీవులను పెంచే పోషక మిశ్రమం) ఎప్పుడు చేశారు, ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత, పెట్టిన సమయం, తీసిన సమయం, అన్నీ అప్పటికప్పుడు పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి, చెరిపేయకండి. ఫలితం ఎందుకు రాలేదో వెతకడానికి ఈ వివరాలే దారి చూపిస్తాయి.

1956లో రేడియేషన్‌తో మాంసం డబ్బాలను సూక్ష్మజీవరహితం చేసే ప్రయోగాల్లో ఒక డబ్బా పాడైంది. అంత మోతాదుకు ఏ జీవీ బతక్కూడదు. డబ్బాను పారేసి లెక్కలో వదిలేసి ఉంటే అక్కడితో అయిపోయేది. అందులో పెరిగినదాన్ని వేరుచేసి చూశారు. ముక్కలైన డీఎన్ఏను తిరిగి అతికించుకోగల డీనోకాకస్ రేడియోడ్యూరన్స్ అలా మనకు తెలిసింది.

వారంలో ఎంత సమయం పడుతుంది?

టైమ్‌టేబుల్‌లో కనిపించేదానికంటే ఎక్కువ. ప్లేట్ వేసింది ఈరోజైతే చూడాల్సింది రేపు. 24 గంటలకు చూడాల్సినదాన్ని 60 గంటలకు చూస్తే కాలనీలు కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ల్యాబ్ లేని రోజున కూడా అరగంట వెళ్లి రావాల్సి ఉంటుంది. శిలీంధ్రాలైతే వారం దాకా ఆగాలి. రికార్డు రాయడానికి విడిగా సమయం పెట్టుకోండి, సెమిస్టర్ చివర ఒకేసారి రాద్దామనుకుంటే గుర్తుండదు.

డాక్టర్ కోర్సులో సీటు రాలేదు. బదులుగా ఇది తీసుకుంటే?

చాలామంది ఇలాగే వస్తారు. వాళ్లలో కొందరు సబ్జెక్టుతో ప్రేమలో పడి గొప్పగా రాణిస్తారు, కొందరు కోర్సంతా వేరే ఎంట్రన్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని క్లాసులో కూర్చుంటారు. రెండోవాళ్లను చూస్తే నిజంగా జాలి వేస్తుంది, రెండిటికీ న్యాయం జరగదు. రోగితో మాట్లాడటం, చికిత్స చేయడం మీకు కావాలంటే ఆ కోరికను ఈ డిగ్రీ తీర్చదు. జబ్బు ఎందుకు వచ్చింది, ఏ జీవి వల్ల, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది మీకు ఆసక్తి అయితే ఇది మెడిసిన్‌కు బదులు కాదు, అసలైన చోటే. తర్వాత మెడిసిన్‌కు వెళ్లే వీలున్న దేశాల్లో మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ పునాది అక్కడ బాగా అక్కరకొస్తుంది.

చదివాక ఉద్యోగాలు ఏముంటాయి?

డిగ్రీ ఒక్కదానితో ఎక్కువమంది చేరేది క్వాలిటీ కంట్రోల్‌లో. మందులు, ఆహారం, కాస్మెటిక్స్, తాగునీరు, వీటిలో ఏది జనంలోకి వెళ్లాలన్నా ముందు సూక్ష్మజీవుల పరీక్ష దాటాలి. ఆ పని ఎలా ఉంటుందో దాచకుండా చెప్పాలి. ఒకే పరీక్షను ఒకే పద్ధతిలో రోజూ చేయాలి, ప్రతి అడుగూ రాసి సంతకం పెట్టాలి. కొత్తగా కనుక్కోవడం తక్కువ, ఖచ్చితత్వం ఎక్కువ. సెలైన్, ఇంజెక్షన్లలో ఎండోటాక్సిన్ (గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలోని విష పదార్థం) ఉందేమో చూసే పరీక్షకు హార్స్‌షూ క్రాబ్ రక్తం నుంచి తీసిన పదార్థాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. ఇప్పుడు దాని స్థానంలో ల్యాబ్‌లో తయారైన ప్రోటీన్ వస్తోంది. బోర్ అని కొట్టిపారేసే ఆ గదిలో ఇలాంటివి ఎన్నో ఉంటాయి.

డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లు ఇంకో పెద్ద దారి. చాలా దేశాల్లో రోగి నమూనా మీద రిపోర్టు ఇవ్వాలంటే విడిగా లైసెన్సు గానీ శిక్షణ గానీ కావాలి. డిగ్రీ ఒక్కటే సరిపోతుందని ఎవరైనా అంటే అక్కడి నియమాలు చదివి నిర్ధారించుకోండి. వ్యాక్సిన్ తయారీ, జీవన ఎరువులు, మురుగునీటి శుద్ధి, ఎంజైమ్ పరిశ్రమ, ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ నియంత్రణ, పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్, సైన్స్ రచన ఇవన్నీ ఉన్నాయి.

పీజీ, పీహెచ్‌డీ తప్పనిసరా?

సొంత ప్రశ్న మీద సొంతంగా పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి. పరిశ్రమలో పై మెట్లు ఎక్కడానికి పీజీ ఉపయోగం. కానీ ఏం చేయాలో తోచక పీజీలో చేరవద్దు. ఒక ఏడాది ల్యాబ్‌లో పనిచేసి చూస్తే ఏది కావాలో తేలిపోతుంది.

కోడింగ్ నేర్చుకోవాలా?

నేర్చుకుంటే చాలా మంచిది. సూక్ష్మదర్శినిలో కనిపించే బ్యాక్టీరియాల్లో చాలా వాటిని ఇప్పటికీ ప్లేట్ మీద పెంచలేకపోతున్నాం. వాటిని డీఎన్ఏ చదివే గుర్తుపడుతున్నాం. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్ఎన్ఏ వరుసలను పోల్చే ఆర్కియా వేరే వర్గమని చూపించారు. ఇప్పుడు ఒక్క చెంచా మట్టి నుంచి వచ్చే సీక్వెన్స్ డేటా చేత్తో చూడలేనంత ఉంటుంది. పైథాన్ గానీ ఆర్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి మొదలుపెట్టండి. అయితే కంప్యూటర్ వచ్చింది కదా అని ప్లేట్లు వదిలేయవద్దు. డేటాలో వింతగా కనిపించింది నిజమా, కాలుష్యమా అన్నది ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్లే పసిగడతారు.

కనుక్కోవాల్సింది ఇంకా ఏమైనా మిగిలిందా?

మన శరీరంలో మన కణాలకు పదింతలు బ్యాక్టీరియా ఉంటాయని పుస్తకాలు ఏళ్ల తరబడి రాశాయి. 2016లో ముగ్గురు పరిశోధకులు మళ్లీ జాగ్రత్తగా లెక్కవేస్తే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేలింది. దాదాపు సమానం. ఇంత మామూలు అంకెనే అంతకాలం దాదాపు ఎవరూ సరిచూడలేదు. 2022లో కరీబియన్ మడ అడవుల్లోని ఆకుల మీద కంటికి కనిపించే బ్యాక్టీరియాను వర్ణించారు, పొడవు సుమారు ఒక సెంటీమీటర్. మామూలు ఈ.కోలై పొడవు 2 మైక్రోమీటర్లు.

అన్నిటికన్నా తొందరగా చేతులు కావాల్సింది యాంటీబయోటిక్ నిరోధకత దగ్గర. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మరణాలకు కారణమైందని అంతర్జాతీయ అంచనా. కొత్త మందులు వస్తున్న వేగం దానికి సరిపోవడం లేదు. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లతో చికిత్స చేయవచ్చన్న ఆలోచన వందేళ్ల నాటిది. దాన్ని ఇప్పుడు మళ్లీ గట్టిగా పరీక్షిస్తున్నారు. ఈ రంగంలోకి తెలివైన పిల్లలు రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

చదువుకుంటూనే పరిశోధన ల్యాబ్‌లో చేరడం ఎలా?

ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే జవాబు రాదు. ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, వాళ్ల ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పేపర్ చదివి, అందులో మీకు అర్థం కానిదో ఆసక్తి కలిగించినదో ఒకటి రాయండి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో స్పష్టంగా చెప్పండి. మొదటి కొన్ని వారాలు మీడియా కలపడం, గాజుసామాను కడగడం, లేబుళ్లు రాయడం ఉంటుంది. చిన్నచూపు చూడకండి. మీరు కలిపిన మీడియా మీద ఇంకొకరి నెల రోజుల పని పెరుగుతుంది.

ఇది ఎవరికి సరిపోదు?

ఫలితం వెంటనే కావాలనుకునేవాళ్లకు. చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలనుకునేవాళ్లకు. చేత్తో చేసే పని తమ స్థాయికి తక్కువ అనుకునేవాళ్లకు. మార్కులు తక్కువ రావడం ఈ జాబితాలో లేదు.

చేరే ముందు కాలేజీలో ఏం అడగాలి?

ప్రాస్పెక్టస్ చూసి సరిపెట్టుకోకుండా ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. ఒక సూక్ష్మదర్శినికి ఎంతమంది? 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ పనిచేస్తోందా? ప్లేట్ ప్రతి విద్యార్థీ వేస్తాడా, టీచర్ వేసి చూపిస్తారా? ఆటోక్లేవ్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? చివరి ఏడాదిలో సొంత ప్రాజెక్టు ఉందా? వీలైతే ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్న ఒకరిని పట్టుకుని, వాళ్ల ల్యాబ్ రికార్డు ఒకసారి చూపించమని అడగండి. అందరి రికార్డుల్లోనూ ఒకే అంకెలు ఉంటే, ఇంకో కాలేజీ కూడా చూసి రండి.